రచయిత దగ్గర ఒక్కటే గీత

తిరిగొచ్చాక మా తణుకులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఎండ గురించి. రెండోది కారం గురించి. రెండింటికీ ఒకటే జవాబు: ఉంది, తట్టుకోగలం. నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నేను సౌండ్ ఇంజనీరుని. హైదరాబాదులో ఒక చిన్న స్టూడియోలో పని. నటుల మాటల్లోంచి ఫ్యాన్ చప్పుడు, కుక్క అరుపులు తీసెయ్యడం నా జీవనాధారం. మార్చి మొదట్లో నాలుగు రోజులు న్యాయవాది శారద గారి వెంట కర్నూలు, కడప వైపు వెళ్ళాను. సినిమాకి, టీవీకి, వెబ్ సిరీస్‌లకి పనిచేసేవాళ్ళకు బేరం ఎలా మాట్లాడాలో, ఒప్పందం ఎలా చదవాలో, ఏ హక్కు ఎంతవరకు ఇవ్వాలో నేర్పే శిక్షణ అది. చట్టం చెప్పడం శారద గారి వంతు. జాబితాలు, నమూనా పత్రాలు నా వంతు. 'సినిమా అమ్మే ముందు చేతిలో ఉండవలసిన పదిహేడు కాగితాలు' అని ఒక జాబితా తయారు చేశాను. రచయితతో చేసుకునే ఒప్పందం నమూనా కూడా నేనే తయారు చేసి, అరవై కాపీలు తీయించాను. బయలుదేరే ముందు మూడుసార్లు సరిచూసుకున్నాను. అందులో ఒక తప్పుంది. అది నాకు కల్లూరులో తెలిసింది.

కల్లూరు

కర్నూలు ఎక్కడ అయిపోయి కల్లూరు ఎక్కడ మొదలవుతుందో షేర్ ఆటో డ్రైవరు కూడా చెప్పలేకపోయాడు. "రెండూ ఒకటేలే అప్పా, ఇరవై రూపాయలియ్యి" అన్నాడు. రోడ్డుకు రెండు పక్కలా కొత్త ఇళ్ళు, ఇళ్ళ మధ్య వెల్డింగు షెడ్లు. మా శిక్షణ ఒక పెళ్ళిళ్ళ హాల్లో.

ముందు టిఫిను. బొరుగులు నీళ్ళలో తడిపి, చేత్తో గట్టిగా పిండేసి, ఉల్లిపాయ పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. ప్లేటు నలభై రూపాయలు, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మా వైపు మరమరాలంటే సాయంత్రం కాలక్షేపం. ఇక్కడ పొద్దున్నే కడుపు నింపుతాయి. నేను బజ్జీలను పక్కకు జరిపితే హోటలాయన ఊరుకోలేదు.

"ఏమప్పా, వాటిని పక్కన పెడ్తాండావు? అవి లేకుంటే ఉగ్గాని గొంతులో యాడ దిగుతాది?"

తిన్నాను. శిక్షణలో మొదటి పావుగంట కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

వచ్చినవాళ్ళు నలభై మూడు మంది. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు, డ్రోన్ ఎగరేసేవాళ్ళు, కేబుల్ టీవీలో వార్తలు చదివే ఇద్దరమ్మాయిలు, నాటకాల నుంచి సీరియళ్ళకు వచ్చిన పెద్దవాళ్ళు. నా స్లైడ్లు వేశాను. తెలుగు అక్షరాలన్నీ గళ్ళుగా మారిపోయి కనిపించాయి. ఆ కంప్యూటర్లో నా ఫాంటు లేదు. హాలు కాపలాదారు ఎవరిదో పాత పెళ్ళి ఫ్లెక్సీ తెచ్చి, తిరగేసి గోడకు కట్టాడు. దాని తెల్లటి వెనక వైపున మార్కరుతో పదిహేడు కాగితాల పేర్లూ రాశాను. గాలికి అంచు లేచినప్పుడల్లా పెళ్ళికూతురి చెయ్యి కనిపించేది.

మధ్యాహ్నం భోజనాలకు లేచేటప్పుడు ఒక కుర్రాడు ప్లాస్టిక్ కవరుతో ముందుకొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఎమ్మిగనూరు నుంచి వచ్చానన్నాడు. పేరు చౌడప్ప.

"మేడమ్, ఒక్క మాట. ఇందులో సంతకం యాడ పెట్టాలో చూపిస్తారా?"

హాలంతా నవ్వింది. పొద్దున్నుంచీ శారద గారు చెప్పిందల్లా 'చదవకుండా సంతకం పెట్టొద్దు' అని.

చౌడప్ప నేత కుటుంబంవాడు. ఊళ్ళో స్నేహితులతో కలిసి 'వీధిలో పడుగు' అని ఆరు భాగాల సిరీస్ తీశాడు. పడుగంటే చీరకు నిలువునా ఉండే పోగులు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని వీధి పొడుగునా చాపుతారు. అలా చాపిన పడుగుకు అటొకరు, ఇటొకరు ఉన్న రెండిళ్ళవాళ్ళ పోట్లాటే కథ. హైదరాబాదులో ఒక కంపెనీ దాన్ని తీసుకుంటామంది. ఇరవై మూడు పేజీల ఒప్పందం పంపి, శుక్రవారం సాయంత్రం ఐదులోపు సంతకంతో తిరిగి రావాలంది. మేము మాట్లాడుకుంటున్నది మంగళవారం.

శారద గారు సాంబారన్నం పక్కన పెట్టి ఇరవై మూడు పేజీలూ చదివారు. తొమ్మిదో పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఈ రచన పూర్తిగా నేనొక్కడినే చేశాను, ఇందులో మరెవరి పాలూ లేదు అని ఉంది. నిజమేనా?"

"అంటే... నేనూ మస్తానూ కూర్చోని రాసినాం మేడమ్."

"మస్తాన్ పేరేదీ?"

"వాడు మా వాడే. సిరీస్‌లో పెద్ద వేషం కూడా వానిదే. వానికీ నాకూ మధ్యలో కాగితమేంది?"

నాటకాల పెద్దాయన ఒకరు వెనక నుంచి అందుకున్నారు. "మంచి మాట చెప్పినావు నాయనా. దోస్తుకు, కాగితానికి పడదు." చాలా తలలు ఊగాయి.

"ఈ వాక్యం కింద నీ సంతకం ఉంటే, రేపు అది అబద్ధమని తేలినప్పుడు జవాబు చెప్పవలసింది కంపెనీ కాదు, నువ్వు," అన్నారు శారద గారు. "నష్టమొస్తే అదీ నీదే. డబ్బు సంగతి పక్కన పెట్టు. తెర మీద రచయిత అని నీ పేరొక్కటే పడుతుంది. మస్తాన్ తన ఇంట్లో కూర్చుని చూస్తాడు."

"మస్తాన్ కోర్టుకు పోడు మేడమ్."

"పోడు కాబట్టి అతని పేరు తీసెయ్యొచ్చా?"

చౌడప్ప ముఖం ఎర్రబడింది. అంతలో అతని చూపు నా నమూనా పత్రం మీద పడింది. దాన్ని పైకెత్తి నాకేసి చూశాడు.

"ఇది మీరు చేసిందే కదన్నా? ఇందులో కూడా రచయిత దగ్గర ఒక్కటే గీత ఉండాది."

చూశాను. 'రచయిత', దాని ఎదురుగా చుక్కలతో ఒక గీత. ఒక్కటే. అరవై కాపీల్లోనూ.

ఎమ్మిగనూరు

కోడుమూరు దాటాక నేల ఎర్రగా కొంత దూరం, నల్లగా కొంత దూరం మారుతూ పోతుంది. మా గోదావరి కాలవల పక్కన పెరిగినవాడికి ఇంత ఖాళీ నేల చూస్తే మొదట దిగులేస్తుంది. గంట తర్వాత కళ్ళు అలవాటు పడి, ఆకాశం ఎంత పెద్దదో కనిపించడం మొదలవుతుంది.

బుధవారం అక్కడ పదకొండు మందికి మాత్రమే శిక్షణ. అది ఒంటిగంటకే ముగిసింది. చౌడప్ప మమ్మల్ని భోజనానికి పిలిచాడు. మేడమ్ మీద కోపం పోలేదు, పిలవడం మాత్రం మానలేదు. దారిలో కిళ్ళీ కొట్టు దగ్గర నేను సోడా తాగి వంద నోటిస్తే, "చిల్లర దుడ్లు లేవా సార్?" అంది కొట్టామె. నాకు అర్థమయ్యేలోపు చౌడప్పే చిల్లర ఇచ్చేశాడు. దుడ్డంటే కన్నడంలో డబ్బు. కర్ణాటక అటు పక్కనే. మాటలకు సరిహద్దు పట్టదు.

ఇల్లు రెండు గదులు. ముందు గదిలో సగం గుంత మగ్గానిదే. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. చౌడప్ప నాన్న నేస్తున్నారు. గోడవారగా తల్లి నరసమ్మ గారు రాట్నం మీద కండెలు చుడుతున్నారు. కండె అంటే అడ్డపోగు నూలు చుట్టిన చిన్న పుల్ల. అది మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కూర్చుంటేనే నేత సాగుతుంది. నేను రికార్డరు బయటికి తీసి మగ్గం శబ్దం పట్టుకున్నాను. చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఒక సంగతి తేలింది. గదిలో శబ్దాలు రెండు. మగ్గం దెబ్బ పెద్దది. దాని కింద, ఎప్పుడూ ఆగకుండా, రాట్నం గిరగిర. హెడ్‌ఫోన్లు తీస్తే మగ్గమే వినిపిస్తుంది.

జొన్న రొట్టె, చెనిక్కాయల పచ్చడి, వంకాయ కూర. చెనిక్కాయలంటే వేరుశనగలు. రొట్టె కాగితమంత పల్చగా ఉంది. మూడు తిన్నాను. అలా చెయ్యడం ఎన్నాళ్ళకు వస్తుందని శారద గారు అడిగితే, "రొట్టె తట్టేకి ఏండ్లు పట్టవు తల్లీ, అత్త తట్టితే దినాల్లోనే వస్తాది" అన్నారు నరసమ్మ గారు.

చేతులు కడుక్కుని వచ్చి, మర్యాదకు అడగవలసింది అడిగాను.

"ఈ చీర ఎవరు నేస్తున్నారండీ, నాన్నగారేనా?"

"మా నాయనే అన్నా," అన్నాడు చౌడప్ప.

రాట్నం ఆగలేదు. నరసమ్మ గారు తలెత్తలేదు.

"అవును, మీ నాయనే నేస్తాడు. కండెలు పైనుంచి రాల్తాయి."

నాన్నగారు నవ్వారు. "మొదలుపెట్టింది."

"ఏం మొదలుపెట్టింది? నలభై ఏండ్లాయె. సొసైటీ బుక్కులో ఉండేది నీ పేరే. నేతగాడంటే నువ్వే. నేనేమన్నా అడిగినానా? కోర్టుకేమన్నా పోయినానా?"

ఆమె నవ్వుతూనే అన్నారు. కల్లూరులో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తెలిసిన ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. శారద గారు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. చౌడప్ప లేచి గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నా ఒప్పందం మార్పించాల. అందులో ఇంకొక గీత పెట్టాల."

అక్కడే కంపెనీకి ఫోన్ చేశాడు. చెయ్యడానికి భయపడ్డాడు. పేరు మారుస్తానంటే బేరమే పోతుందని అతని లెక్క. అవతల ఒకావిడ ఓపిగ్గా విన్నది. ఇద్దరు రచయితలైతే ఇద్దరి పేర్లు, ఇద్దరి సంతకాలు ఉండాలి, మార్చిన పేజీ ఇప్పుడే పంపుతాను, శుక్రవారం ఐదు మాత్రం దాటకూడదు అంది. మొత్తం ఆరు నిమిషాలు.

తర్వాత మస్తాన్‌కు చేశాడు. మస్తాన్ గండికోటలో ఒక షూటింగుకు జనరేటర్ బండి తోలుకుని వెళ్ళాడు. స్పీకర్లో అందరికీ వినిపించింది.

"నన్నే సంతకం అడుగుతాండావా రా? రేపు మీ ఇంట్లో అన్నం తింటే రసీదు కూడా రాపిచ్చుకుంటావా?"

"అది కాదు మస్తాన్, నీ పేరు కోసమే..."

"నా పేరు నువ్వు పిలిస్తే చాలు. కాగితం మీద నాకేం పని?"

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు.

చౌడప్ప పేజీ ప్రింటు తీయించుకొచ్చాడు. సంతకం పెట్టి, కవరులో పెట్టి నాకిచ్చాడు. "మీరు ఎట్లాగూ కడప పక్కకు పోతాండారు గదా, గండికోట ఆడికి దగ్గరే. నేనొస్తే ఇంకా ముదురుతాది." నరసమ్మ గారు ఒక డబ్బా ఇచ్చారు. చెనిక్కాయ, బెల్లం ఉండలు. "వాడు కాగితం తీసుకోకున్నా ఇవి తీసుకుంటాడు నాయనా."

కడప దారిలో

నంద్యాల దాటాక మహానందిలో అరగంట ఆగాం. కోనేట్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున పడ్డ రూపాయి బిళ్ళ మీది అంకె కూడా కనిపిస్తుంది. ఎండలో వచ్చి ఆ చల్లటి నీళ్ళలో కాళ్ళు పెడితే ఒళ్ళు ఝల్లుమంది. అక్కడే నా కళ్ళజోడు జారి నీళ్ళలో పడింది. ఒక పూలమ్మే ఆవిడ పొడుగాటి కర్రతో తీసిచ్చి, ఐదు రూపాయలు కూడా తీసుకోలేదు. "దేవుని నీళ్ళలో దొరికిందానికి దుడ్డు తీసుకుంటారా?" అంది. పూలు మాత్రం యాభైకి అమ్మింది.

కడపలో కారం దోసె అరవై రూపాయలు. ఎర్రకారం ఒక పొర, దాని మీద పప్పుల పొడి. కల్లూరు అనుభవంతో ముందే రెండు గ్లాసుల నీళ్ళు పెట్టుకున్నాను. సర్వరు చూసి, "ఏం సామీ, దోసె తినేకి వచ్చినావా, నీళ్ళు తాగేకా?" అన్నాడు.

గురువారం శిక్షణలో నేను పేర్లు చెప్పకుండా మస్తాన్ సంగతి చెప్పి, ఇంత కోపం ఎందుకని అడిగాను. కేబుల్ ఛానల్ నడిపే ఒక నడివయసు ఆయన లేచాడు.

"ఏం లేదు సార్. మా పక్క మామూలు మనిషి సంతకం పెట్టేది రెండు చోట్ల. భూమి అమ్మినప్పుడు, పెండ్లాన్ని వదిలినప్పుడు. రెండూ తెగిపొయ్యే పనులే. మీరు పొయ్యి సంతకం పెట్టమంటే, తెంచుకుందామంటాండారు అనుకోడా?"

ఆయన మాట నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. పదిహేడు కాగితాల జాబితాలో అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పక్క పేజీలో పెట్టాను.

గండికోట

శుక్రవారం మధ్యాహ్నం మూడు. కోట అంచు నుంచి చూస్తే కింద పెన్న. ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రెండు గోడలు, మధ్యలో ఆకుపచ్చ నీళ్ళు. ఫోటోల్లో చూసిందే. ఫోటోల్లో రానిది గాలి. అది కింద నుంచి పైకి వీస్తుంది, చొక్కాలోకి దూరి మనిషిని లేపబోతుంది.

షూటింగు పాత ధాన్యాగారం పక్కన. జనరేటర్ బండి దూరంగా, చింతచెట్టు కింద ఉంది. దాని పక్కన సన్నగా, పొడుగ్గా ఒకతను గళ్ళ తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"ఫోను ఎత్తకున్నా వాని మెసేజ్ చూసినా. కాగితాలాయన మీరేనా?"

"సౌండ్ ఇంజనీరునండీ."

"అయితే ఈ జనరేటర్ మీకు శత్రువు గదా," అని నవ్వాడు. కవరు చూసి నవ్వు ఆపాడు. "దాన్ని మాత్రం చూపియ్యద్దు సార్. మీరు దూరం నుంచి వచ్చినారు, మిమ్మల్ని ఏమీ అనలేను."

డబ్బా ఇచ్చాను. మూత తీసి వాసన చూశాడు. "చిన్నమ్మ చేసిందే." నరసమ్మ గారిని అతను పిలిచేది అలాగే. ఒకటి నాకిచ్చి, తనూ ఒకటి తిని, రెండోది తీసుకున్నాడు.  నాకు అక్కడ చెప్పడానికి చట్టం ఏదీ తోచలేదు. శారద గారు నీడలో కూర్చుని ఉన్నారు, వాచీ చూడనట్టు నటిస్తూ.

మూడో ఉండ అయ్యాక మస్తాన్ చేతులు తువ్వాలుకు తుడుచుకుని, "వాడు పెట్టినాడా సంతకం?" అన్నాడు.

"పెట్టాడు."

"చూపియ్యి."

పేజీ తీసి ఇచ్చాను. 'రచయితలు' అన్న మాట కింద రెండు గీతలు. చౌడప్ప సంతకం రెండో గీత మీద ఉంది. మొదటిది ఖాళీ. ఆ సంగతి నేనూ అప్పుడే గమనించాను. మూడుసార్లు సరిచూసే మనిషిని, కవరు ఒక్కసారీ విప్పి చూడలేదు.

మస్తాన్ చాలాసేపు పేజీనే చూశాడు.

"వాడు కింద పెట్టినాడే."

"అవును."

"పిచ్చోడు. కథ వానిది. నేను పక్కన కూర్చోని బీడీలు తాగినా." అని ఆగాడు. "కొంచెం రాసినాలే. మూడో భాగం అంతా నాదే." మళ్ళీ ఆగాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "మూడో భాగంలో తిట్లుండాయి చూడండి సార్, జనం అందరూ చెప్పుకునేది అవే. అవి నావీ కాదు, వానివీ కాదు."

"మరి ఎవరివి?"

"చిన్నమ్మవి. మేం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోని రాస్తాంటిమి. చిన్నాయనకు నేసేకి చోటుండదు. ఆయమ్మ రాట్నం కాడ్నుంచి తిడ్తాంటే, ఆ మాటలే రాసుకుంటిమి. ఆయమ్మ తిట్టని దినం మాకు సీనే రాలే." పేజీ నా చేతిలో పెట్టాడు. "పేర్లు రాయాలంటే చిన్నమ్మ పేరు రాయండి. అప్పుడు నేనూ పెడ్తా. లేకుంటే వద్దు."

నేను శారద గారి వైపు చూశాను. ఆమె అప్పటికే లేచి వస్తున్నారు. విని, ఒక్క నిమిషం ఆలోచించారు. "మాటల సహకారం అని వేరే వరుసలో పెట్టవచ్చు. కానీ ఆవిడ ఒప్పుకోవాలి. ఆవిడ సంతకమూ కావాలి. కంపెనీకి నేను చెబుతాను." ఆమె పక్కకు వెళ్ళి ఫోన్లో కంపెనీ ఆవిడతో మాట్లాడారు. తిరిగొస్తూ సరేనన్నారన్నట్టు తలూపారు.

మస్తాన్ తన ఫోన్ తీసి, స్పీకర్లో పెట్టి చౌడప్పకు చేశాడు. రెండు రోజుల తర్వాత మొదటి మాట.

"ఏం రా, కింద పెట్టినావా సంతకం? సిగ్గులేదా?"

 అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం వచ్చింది. నా చెవి అలాంటివి వదలదు.

"సరే, ఏడుపు తర్వాత. చిన్నమ్మకియ్యి ఫోను."

నరసమ్మ గారు అందుకున్నారు. "తిన్యావా ఉండలు?"

"తిన్యా చిన్నమ్మా. నీ పేరు సినిమాలో వేస్తాండాం. నువ్వు ఒప్పుకోవాల."

"నా పేరా? నేనేం చేసినా?"

"మమ్మల్ని తిట్టినావు గదా."

"తిట్టినందుకు పేరేస్తారా? అయితే మీ చిన్నాయనను తిట్టిన దానికి ఎన్ని సినిమాలు కావాల?"

అవతల నాన్నగారి నవ్వు వినిపించింది.  మగ్గం ఆగిపోయి ఉంది. రాట్నమూ ఆగిపోయిందని నాకు అర్థమైంది.

"నిజంగానే వేస్తారా?" అన్నారామె, గొంతు తగ్గించి.

"నిజంగానే. సంతకం పెట్టాల చిన్నమ్మా."

"యాడ పెట్టాల?"

మస్తాన్ ఫోన్ నాకిచ్చాడు. తనేమో జనరేటర్ బానెట్టు మీద పేజీ పరిచి, నా పెన్ను లాక్కుని మొదటి గీత మీద సంతకం పెట్టాడు. చౌడప్ప దగ్గర ఒప్పందం మరో కాపీ ఉంది. అందులో ఆమెకు చోటు లేదు. రచయితల పేర్ల కింద 'మాటల సహకారం' అని రాసి, ఎదురుగా పెన్నుతో ఒక గీత గీయమని చౌడప్పకు చెప్పాను.

నాలుగూ నలభైకల్లా మూడు సంతకాలూ ఫోటోలుగా కంపెనీకి చేరాయి. నా నమూనా పత్రం కూడా అప్పుడే మార్చాను. ఇప్పుడు అందులో 'రచయిత' దగ్గర గీతలు లేవు. పని చేసినవాళ్ళందరినీ పిలిచి, వాళ్ళ ముందే ఎన్ని కావాలో అన్ని గీసుకోవాలని రాసి ఉంది.

కానీ గండికోట అనగానే నాకు ఆ లోయ గుర్తు రాదు. ఫోన్లో అటువైపు పెన్ను కాగితం మీద గీసుకుంటూ పోయిన శబ్దం, దాని వెంటే, నలభై ఏళ్ళుగా పోగు వంకర పోనివ్వని మనిషి గొంతు గుర్తొస్తాయి.

"ఏం గీత రా అది? వంకరగా ఉండాది. ఇంకొకటి గియ్యి."